పౌలు పడింది గుర్రం మీద నుంచేనా? మన సండేస్కూల్ బొమ్మల్లో వాక్యంలో లేనివి

మార్తమ్మగారి_మనవడు:
అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, లూథరన్ సంఘం. సండేస్కూల్లో ఐదారు తరగతుల పిల్లలకు చెబుతుంటాను. మొన్న మా నాయనమ్మ పోయాక అటక మీది సామాను దించుతుంటే గోనెసంచిలో చుట్టిపెట్టిన పాత పిక్చర్ రోల్ ఒకటి దొరికింది. పైన కర్ర ఉంటుంది, దాని మీదుగా ఒక్కో బొమ్మ వెనక్కి తిప్పుకుంటూ పోవాలి. నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక మూల చెదలు తిన్నాయి కానీ రంగులు మాత్రం నిన్న అచ్చేసినట్టున్నాయి.

ఆదివారం దాన్ని బోర్డుకు తగిలించి, సౌలు (పౌలుకు ముందున్న పేరు) దమస్కు దారిలో వెలుగు చూసి మారుమనస్సు పొందిన బొమ్మ చూపిస్తూ "గుర్రం మీద నుంచి దబ్బున కింద పడ్డాడు" అని చెప్పేశాను. ఆరో తరగతి పాప ఒకతె బైబిల్ తెరిచి పెట్టుకుని వేలు పెట్టి చదువుతోంది. "అన్నా, గుర్రం ఏ వచనంలో ఉంది?" అంది.

ఇంటికొచ్చి అపొస్తలుల కార్యములు 9 చదివాను, 22 చదివాను, 26 చదివాను. గుర్రం లేదు. నేల మీద పడ్డాడు, అంతే. ఆ గుర్రం ఎవరు తెచ్చి కట్టేశారో తెలిసినవాళ్లు చెప్పండి. ఇలాంటివి ఇంకా ఏమున్నాయో కూడా చెప్పండి, ఎందుకంటే వేసవిలో వీబీఎస్‌కి (సెలవుల్లో పిల్లల బైబిల్ తరగతులు) కొత్త చార్టులు వేయించాలని పెద్దలు నాకే అప్పజెప్పారు. మళ్లీ ఆ పాప ముందు తెల్లమొహం వెయ్యలేను.

ఆర్‌సీఎం_పిల్లోడు:
గుర్రం మధ్యయుగాల్లోనే బొమ్మల్లోకి వచ్చేసింది బ్రదర్. అప్పట్లో గర్వాన్ని బొమ్మగా వెయ్యాలంటే గుర్రం మీద నుంచి పడుతున్న రౌతును వేసేవాళ్లు. సౌలు గర్వం అణిగింది కాబట్టి అతనికీ ఒక గుర్రం ఇచ్చారు. దాన్ని అందరి కళ్లలో స్థిరం చేసింది మాత్రం కారవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు. 1600–1601లో రోమ్‌లో సాంతా మరియా దెల్ పోపొలో గుడికి వేసిన పటం, ఇప్పటికీ అక్కడే ఉంది. సగానికి పైగా గుర్రమే. ఒక కాలు ఎత్తి, కింద పడ్డవాణ్ని తొక్కకుండా ఎక్కడ దించాలా అన్నట్టు నిలబడి ఉంటుంది. పక్కన బట్టతల ముసలాయన కళ్లెం పట్టుకుని ఉంటాడు, ఏం జరిగిందో అతనికి తెలిసినట్టే ఉండదు. సౌలు వెల్లకిలా, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకి చాచి. యేసు ప్రభువు బొమ్మలో ఎక్కడా కనపడడు. వెలుగు ఒక్కటే.

అదే కథకు ఆయన ముందు ఇంకోటి వేశాడు, చెక్క మీద. అందులో ప్రభువు పైనుంచి వంగి చెయ్యి చాస్తుంటాడు, అంతా గందరగోళం. రెండోదానికే పేరొచ్చింది. నాకైతే గుర్రం తప్పు అని అనబుద్ధి కాదు ఆ పటం చూస్తే.

పెదపాడు_రూతు:
గుర్రం లేదనడానికి వాక్యంలోనే ఒక ఆధారం ఉంది చూడండి. 9:8లో "చెయ్యి పట్టుకొని దమస్కులోనికి నడిపించిరి" అని ఉంది. గుర్రమే ఉంటే గుడ్డివాడైన మనిషిని దాని మీద కూర్చోబెట్టి తీసుకెళ్లేవాళ్లు కదా, చెయ్యి పట్టుకుని నడిపించడం ఎందుకు? నాకు ఆ నడక బొమ్మ కావాలి. క్రైస్తవుల్ని పట్టి హింసించిన అంత పెద్ద హింసకుడు చంటిపిల్లాడిలా వేలు పట్టుకుని ఊళ్లోకి రావడం. చార్టు వేయిస్తే అది వేయించు తమ్ముడూ.

సీయోను_బాట:
ప్రైజ్ ది లార్డ్. గుర్రం ఉందా గాడిద ఉందా అని కాదు, అసలు బొమ్మే ఎందుకు అని అడగండి. నిర్గమకాండము 20:4, రూపాలు చేసుకోవద్దన్న రెండో ఆజ్ఞ, స్పష్టంగా ఉంది. పిల్లలకు వాక్యం చెప్పండి, చాలు. బొమ్మ చూపిస్తే బొమ్మే గుర్తుంటుంది, మీ సంగతే దానికి సాక్ష్యం.

మార్తమ్మగారి_మనవడు:
సీయోను బాట గారూ, చివరి మాట మాత్రం తగిలింది. నిజమే, ఇరవై ఏళ్లు నేను చదివింది 9వ అధ్యాయం కాదు, ఆ బొమ్మని.

కొయ్యఅచ్చు:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నాకు బెజవాడలో ప్రింటింగ్ ప్రెస్, నాన్నగారి కాలం నుంచి. పాత బైబిల్ బొమ్మలు పోగేసే పిచ్చి ఉంది. గుర్రం ఒక్కటే కాదు, వినండి.

యేసు పుట్టినప్పుడు చూడ్డానికొచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా రాయలేదు. కానుకలు మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. దాన్నిబట్టి మనుషుల్ని లెక్కేశారు. రోమ్ భూగర్భ సమాధుల గోడల మీద ఒకచోట ఇద్దరున్నారు, ఇంకోచోట నలుగురు. అంటే అప్పటికి లెక్క తేలలేదు. ఇటలీలో రవెన్నా అనే ఊళ్లో ఆరో శతాబ్దపు మొజాయిక్‌లో (రంగురాళ్ల ముక్కలతో పేర్చిన బొమ్మ) ముగ్గురూ పేర్లతో సహా వరసగా నడుస్తుంటారు, అయితే వాళ్ల తలల మీద కిరీటాలు లేవు, తూర్పుదేశపు మొనటోపీలు. రాజులైంది తరవాతే.

పశువుల పాకలో ఎద్దు, గాడిద. లూకాలో తొట్టి ఉంది, పశువులు లేవు. వాటిని తోలుకొచ్చింది యెషయా 1:3 నుంచి. "ఎద్దు తన కామందు నెరుగును, గాడిద సొంతవాని దొడ్డి తెలిసికొనును." ఆ వచనం చదివాక నాకు వాటిని పాకలోంచి తోలెయ్యాలనిపించలేదు. వేసినవాడు ఊరికే వెయ్యలేదు, వాక్యంతో వాక్యానికి ముడేశాడు.

మైకెలాంజెలో చెక్కిన మోషేకి తల మీద రెండు కొమ్ములుంటాయి. హీబ్రూలో ఉన్న మాట కొమ్ముకీ, కిరణాలు వెలువడడానికీ దగ్గరది. జెరోము లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు కొమ్ములు అనే అర్థం వచ్చే మాట పెట్టాడు. మన తెలుగు బైబిల్లో "ముఖచర్మము ప్రకాశించిన" అని ఉంది కాబట్టి మనం బతికిపోయాం.

ఏదెను తోటలో యాపిల్...

డల్లాస్_బాబాయ్:
యాపిల్ అని బైబిల్లోనే ఉందిగా?

కొయ్యఅచ్చు:
లేదు బాబాయ్. ఫలం అని ఉంది. లాటిన్‌లో చెడుకీ యాపిల్‌కీ దాదాపు ఒకే మాట, ఆ చమత్కారం దీనికి తోడైందంటారు. 1504లో డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు రాగిరేకు మీద ఆదాము హవ్వల్ని చెక్కాడు, ఆ అచ్చులు యూరప్ అంతా తిరిగాయి. నిజానికి అందులో హవ్వ పండు తెంపుతున్న చెట్టుకు అంజూరపు ఆకులుంటాయి.

డల్లాస్_బాబాయ్:
యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి నాకు. ఇవాళ తెలిసింది. యోనాని మింగింది తిమింగలమైనా ఉంచుతారా, అదీ పోయిందా?

పెదపాడు_రూతు:
సగం ఉంది బాబాయ్ గారూ :) యోనా గ్రంథంలో "గొప్ప మత్స్యము". మత్తయి 12:40లో మన అనువాదం "తిమింగిలము" అంటుంది. మీరు ఏ పేజీ తీస్తే అది.

కొయ్యఅచ్చు:
చార్టుల సంగతికి వస్తాను, అది నా వృత్తి కాబట్టి. అందరూ మొదట డోరే బొమ్మలే వేయించుకుంటారు. గుస్తావ్ డోరే, ఫ్రెంచివాడు, 1832లో పుట్టి 1883లో పోయాడు. 1866లో తూర్ నగరంలో మామ్ అనే సంస్థ ఆయన బొమ్మలతో రెండు పెద్ద సంపుటాల బైబిల్ వేసింది. రెండొందల పైచిలుకు బొమ్మలు. మన దగ్గర ట్రాక్టుల (సువార్త కరపత్రాల) మీద, పాత పుస్తకాల అట్టల మీద నలుపు తెలుపుల్లో కనిపించే మేఘాలు, వెలుగు కడ్డీలు చాలావరకు ఆయనవే. ఆయన పోయి 140 ఏళ్లు దాటింది, కాపీరైట్ టెన్షన్ లేదు.

చాలామంది "డోరే చెక్కాడు" అంటారు. ఆయన చెక్కలేదు. బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క మీద సిరాతో బొమ్మ గీసి ఇచ్చేవాడు. ఉలి పట్టింది వేరేవాళ్లు. ఏ బొమ్మయినా కింది మూలలు చూడండి, ఒక వైపు డోరే పేరు, రెండో వైపు చెక్కినవాడి పేరు ఉంటుంది, పిసాన్ అనో పన్నెమేకర్ అనో. ఆ చెట్టు మాను సన్నం, అందుకని చిన్న చిన్న దిమ్మల్ని మరలతో బిగించి ఒకటి చేసేవాళ్లు. పాత ముద్రల్లో భూతద్దం పెట్టి చూస్తే కొన్నిటిలో ఆ అతుకు వెంట తెల్లటి వెంట్రుకలాంటి గీత కనిపిస్తుంది. అది కనిపించిన రోజు నేను అన్నం తినడం మర్చిపోయాను, మా ఆవిడ సాక్షి.

ఇప్పుడు ఇబ్బంది. ఆ నలుపంతా సన్నగీతల అల్లిక. ఫ్లెక్స్ మీద వేస్తే గీతలన్నీ కలిసి మసి పూసినట్టు అవుతుంది. వేయిస్తే మంచి ఆర్ట్ పేపర్ మీద వేయించాలి, ఖర్చు. దానికంటే ష్నోర్ అని ఒక జర్మన్ ఉన్నాడు, యూలియుస్ ష్నోర్ ఫాన్ కరోల్స్‌ఫెల్డ్. పేరు పలకడానికి నాకు నెల పట్టింది. 240 బొమ్మల బైబిల్ ఆయనది, 1860లో పూర్తయింది. గీతలు లావుగా, విడివిడిగా, మధ్యలో బోలెడు తెల్లజాగా. జిరాక్సులో కూడా చెడదు, పిల్లలకిచ్చి రంగులు వేసుకోమనొచ్చు. ఆయన లూథరన్ కూడా, మీ పెద్దలు కాదనరు.

మార్తమ్మగారి_మనవడు:
అన్నా, చాలా పెద్ద సాయం. కానీ డోరే జలప్రళయం బొమ్మ చూశాను మీరు చెప్పాక. బండ మీద ఆడపులి పిల్లని నోట కరచుకుని ఉంది, కింద నీళ్లలో తల్లిదండ్రులు పసివాళ్లని అదే బండ మీదికి నెడుతున్నారు. ఓడ ఎక్కడా లేదు. నేను ఇన్నేళ్లు చెప్పింది జిరాఫీ కిటికీలోంచి తల పెట్టిన ఓడ కథ. ఇది చూశాక పిల్లలకు ఏం చెప్పాలో తోచలేదు.

న్యూజెర్సీ_నాని:
అది పెద్దవాళ్ల సండేస్కూల్‌కి :)

నేను ఇంకో బొమ్మ చెబుతాను. టిస్సో అని ఫ్రాన్స్‌లో ఫ్యాషన్ అమ్మాయిల బొమ్మలు వేసి బాగా సంపాదించిన చిత్రకారుడు. 1885లో పారిస్ గుడిలో ఏదో దర్శనమైందని చెప్పి, అవన్నీ వదిలేసి పాలస్తీనా వెళ్లాడు, మళ్లీ మళ్లీ వెళ్లాడు. క్రీస్తు జీవితం మీద వేసిన వాటిలో 350 బొమ్మల్ని 1900లో బ్రూక్లిన్ మ్యూజియం చందాలు పోగేసి కొన్నది. వాటిలో ఒకటి "సిలువ మీద నుంచి ప్రభువు చూసినది". అందులో సిలువ ఉండదు. మనమే సిలువ మీద ఉన్నాం. బొమ్మ అడుగున రెండు పాదాలు కాస్తంత కనిపిస్తాయి, వాటి దగ్గర మగ్దలేనే మరియ మోకరించి పైకి చూస్తోంది. వెనకాల తల్లి, యోహాను, గుర్రాల మీద అధికారులు, తమాషా చూసేవాళ్లు. అందరూ మనల్నే చూస్తుంటారు. దూరంగా మధ్యలో సమాధి గుహ తెరిచి ఉంటుంది.

పేపర్ మీద చిన్న బొమ్మే. నేను ఫోన్లో దాన్ని పెట్టుకుని గుడ్ ఫ్రైడే రోజు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ప్రసంగాలు విన్నాను పోయిన ఏడాది. ఆ సంవత్సరం చెప్పిన ఏడుగురిలో ఒక్కరి మాటా గుర్తులేదు, అది వేరే సంగతి.

ఆర్‌సీఎం_పిల్లోడు:
టిస్సో మంచి చిత్రకారుడే కానీ ఒక మెలిక ఉంది నానీ. ఆయన 1880ల్లో అక్కడ కనిపించిన అరబ్బుల తలపాగాలు, అంగీలు చూసి, తూర్పుదేశంలో ఏదీ మారదు అనుకుని, అవే యేసు కాలానివని వేసేశాడు. పద్దెనిమిది వందల ఏళ్ల తేడా. మన కోనసీమ ఇప్పుడు వచ్చి చూసి, శాతవాహనుల కాలం ఇదే అన్నట్టు. "పరిశోధన చేసి వేశాడు" అనే మాటకే ఎక్కువ మోసపోతాం. కారవాజ్జో తన కాలపు రోమ్ మనుషుల్ని కూర్చోబెట్టి వేశాడు, ఇది మొదటి శతాబ్దం అని ఎవర్నీ నమ్మించలేదు.

సీయోను_బాట:
మళ్లీ అడుగుతున్నాను, ఎవరూ జవాబు చెప్పలేదు. రెండో ఆజ్ఞ సంగతేంటి? ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు స్వరూపాలకు దండలు వేస్తారు, అది అందరికీ తెలుసు. ఇప్పుడు మన సంఘాల్లో కూడా మొదలైంది.

ఆర్‌సీఎం_పిల్లోడు:
సరే, దండల దగ్గరికే వద్దాం. మీలాంటి బిషప్పు 600 ప్రాంతంలో మార్సేలో ఉండేవాడు, సెరెనుస్ అని. జనం మొక్కుతున్నారని గుడిలో బొమ్మలు పగలగొట్టించాడు. పోపు గ్రెగొరీ ఆయనకు ఉత్తరం రాశాడు. మొక్కనివ్వకపోవడం మంచిదే, పగలగొట్టడం తప్పు, చదువు రానివాళ్లు గోడల మీద చూసి చదువుకుంటారు అని. అంటే మీరన్నదాంట్లో సగం మా పోపుగారే ఒప్పుకున్నారు. తరవాత కాన్‌స్టాంటినోపుల్లో ఇదే గొడవ వందేళ్లకు పైగా నడిచింది. 787లో సభ పెట్టి బొమ్మలు ఉండొచ్చన్నారు, మళ్లీ తీసేశారు, 843లో మళ్లీ పెట్టారు.

పెదపాడు_రూతు:
నాకు మధ్యలో దూరాలని లేదు. కానీ ఇత్తడి సర్పం సంగతి ఇద్దరూ మర్చిపోయారు. సంఖ్యాకాండము 21లో చేయించింది దేవుడే. రెండవ రాజులు 18:4లో అదే సర్పాన్ని హిజ్కియా పగలగొట్టాడు, జనం ధూపం వేస్తున్నారని. చేయించిందీ వాక్యమే, పగలగొట్టిన రాజును మెచ్చుకుందీ వాక్యమే. మీ ఇద్దరికీ చెరో వచనం.

సీయోను_బాట:
రూతమ్మ గారూ, అది న్యాయమైన మాట. మా ఇంట్లో క్యాలెండర్ కూడా ఉండదు, అది నా నియమం. వేరేవాళ్ల మీద రుద్దను. కానీ పిల్లలు ఆ రాగిజుట్టు, తెల్లటి మొహమే యేసు అని పడుకునే ముందు ముద్దుపెట్టుకుంటారే, దానికేమంటారు?

పెదపాడు_రూతు:
అది మా ఇంటి కథే. హాల్లో ఒక ఫ్రేమ్ ఉండేది, వార్నర్ సాల్‌మన్ అనే చికాగో ఆయన 1940లో వేసిన యేసు తల. యాభై కోట్లకు పైగా ప్రతులు అచ్చయ్యాయంటారు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల జేబుల్లో పెట్టుకునే సైజులో కూడా పంచారు. దాంతో మా అమ్మకు యేసు అంటే ఆ మొహమే. నేను ఒకసారి ప్రభువు యూదుడు, మనలాగే చామనఛాయో, ఇంకా నలుపో ఉండొచ్చు అంటే, "నువ్వు చదువుకున్నావు కాబట్టి ఆయన్ని కూడా మార్చేస్తావా" అంది. మూడు రోజులు మాట్లాడలేదు.

కొయ్యఅచ్చు:
మీ అమ్మగారికి దూరా యూరోపోస్ బొమ్మ చూపించొద్దు అయితే :) సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున పాత ఊరు. అక్కడ ఒక ఇంటినే మందిరంగా మార్చుకున్నారు. ఊరి మీదికి పర్షియా సైన్యం వస్తోందని ప్రహరీకి బలంగా ఆనుకున్న ఇళ్లలో మట్టి నింపేశారు, ఊరు 256 ప్రాంతంలో పడిపోయింది, ఆ మట్టే గోడ బొమ్మల్ని కాపాడింది. 1930ల్లో తవ్వి తీశారు, ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం దగ్గరున్నాయి. మనకు దొరికిన యేసు బొమ్మల్లో అతి పాతవాటిలో అదొకటి. గడ్డం లేదు, జుట్టు పొట్టి. ఎదురుగా పక్షవాయువు బాగైనవాడు మంచం వీపున బోర్లా వేసుకుని పోతున్నాడు, తాబేలు డిప్పలాగా. మా ఊళ్లో ఎండాకాలం డాబా మీదికి నులకమంచం మోసుకెళ్లినట్టే ఉంటాడు. "నీ పరుపెత్తుకొని నడువుము" అన్న మాటకు ఇంతకంటే సూటిగా ఎవరూ బొమ్మ వెయ్యలేదు.

మెదక్_మేరీ:
కాగితం మీదవే చెబుతున్నారు. మా మెదక్ గుడి అద్దాలు ఎవరూ ఎత్తలేదేం? 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయిన గుడి, మిషనరీ పోస్నెట్ దొర కట్టించింది. కరువులో ఊరికే అన్నం పెట్టకుండా పని ఇచ్చి పెట్టాలని మొదలుపెట్టారని మా తాతలు చెప్పేవారు. రంగు అద్దాల కిటికీలు మూడూ ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో పెట్టారు. చిన్నప్పుడు నేను ఆరాధనలో ఎప్పుడు మబ్బు పడుతుందా అని చూసేదాన్ని. మబ్బు పడితే ప్రభువు మొహం సీసపు గీతల్లోకి వెళ్లిపోతుంది. మబ్బు జరిగితే తిరిగి వస్తాడు. సాయంత్రం ఏడింటికి వచ్చే టూరిస్టులు "ఏముంది నల్లగా" అని వెళ్లిపోతారు.

మార్తమ్మగారి_మనవడు:
మెదక్ అక్కా, ఈసారి తప్పకుండా పగలే వస్తాం.

ఇంకో మాట. మన తెలుగువాళ్లు వేసినవి లేవా?

కొయ్యఅచ్చు:
ఎందుకు లేవు. మీ లూథరన్ సంఘం పాస్టరే, పి. సాల్మన్ రాజు గారు, 1921లో పుట్టి 2019లో పోయారు. చాలాకాలం విజయవాడలోనే ఉన్నారు. బాతిక్ ఆయన పద్ధతి. గుడ్డ మీద కరిగించిన మైనంతో బొమ్మ గీసి రంగులో ముంచుతారు, మైనం ఉన్నచోట రంగు పట్టదు, మళ్లీ మైనం, మళ్లీ ముంచడం. మైనం చిట్లిన చోట రంగు దిగి సన్నటి నరాల్లాంటి గీతలు పడతాయి. ఆయన బొమ్మల్లో మరియమ్మ చీర కట్టుకుని ఉంటుంది, పల్లె మనుషులుంటారు. కొయ్య మీద చెక్కి కూడా అచ్చులు వేశారు. శ్రీకాళహస్తి కలంకారీలో ఏసు కథ గీసినవాళ్లూ ఉన్నారు.

పాత సంగతి కావాలంటే, 1580లో జెసూట్ ఫాదర్లు (కాథలిక్ మిషనరీలు) ఫతేపూర్ సిక్రీలో అక్బర్‌కి ఆంట్‌వెర్ప్‌లో అచ్చైన ఎనిమిది సంపుటాల బైబిల్ ఇచ్చారు. ఆయన ఒక్కో సంపుటాన్నీ ముద్దు పెట్టుకుని తల మీద పెట్టుకున్నాడట. అందులోని బొమ్మల్ని చూసి ఆస్థాన చిత్రకారులు వాళ్ల పద్ధతిలో వేశారు. కేశవ్‌దాస్ అనే ఆయన 1588లో వేసిన మత్తయి బొమ్మ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. అంటే బైబిల్ బొమ్మలు మన దేశంలోకి పిక్చర్ రోల్‌తో రాలేదు.

డల్లాస్_బాబాయ్:
బొమ్మల్లో తగాదాలు కూడా పెట్టేవాళ్లని ఎక్కడో చదివాను, లూథర్ బైబిల్‌లో?

కొయ్యఅచ్చు:
1522 సెప్టెంబరులో వచ్చిన లూథర్ కొత్త నిబంధనకు ప్రకటన గ్రంథం బొమ్మలు క్రానాక్ అనే చిత్రకారుడి వర్క్‌షాపు వేసింది, మొత్తం 21. అందులో బబులోను వేశ్య నెత్తిన పోపు మూడంతస్తుల కిరీటం పెట్టారు. గొడవైంది. డిసెంబరు ముద్రణకల్లా పై రెండు అంతస్తులు లేపేసి మామూలు కిరీటం చేశారు. కొత్తగా బొమ్మ వేసే తీరిక ఎక్కడిది, ఉన్నదాన్నే దిద్దారు. 1534 పూర్తి బైబిల్లో మూడంతస్తులూ తిరిగొచ్చేశాయి. ప్రెస్సువాణ్ని కాబట్టి చెబుతున్నా, పార్టీ వచ్చి "పేరు మార్చు" అని నిలబడితే నేను చేసేదీ అదే.

మోడరేటర్:
ఇక్కడితో పోపు, లూథర్ వద్దు. తొమ్మిది వ్యాఖ్యలు తీసేశాను. చార్టుల మీదే ఉండండి.

మార్తమ్మగారి_మనవడు:
పెద్దలతో మాట్లాడి వచ్చాను. ష్నోర్ బొమ్మలు ఇరవై వేయిస్తున్నాం, కొయ్యఅచ్చు అన్న ప్రెస్సులోనే. పాత రోల్‌ని తీసెయ్యడం లేదు. దాన్ని ఆఖరి రోజు తగిలించి, ఏ బొమ్మలో వాక్యంలో లేనిది ఏముందో పట్టుకున్నవాళ్లకు పెన్సిల్ బాక్సు. మా ఖజాంచి గారు ముందు గొణిగారు, "బొమ్మల్లో తప్పులు పట్టడం నేర్పుతావా, రేపు ప్రసంగంలో కూడా పడతారు" అని. మా పాస్టరు అయ్యగారే నవ్వి, పట్టనివ్వండి అన్నారు.

నిన్న ట్రయల్‌గా పిల్లలకు తెల్లకాగితం ఇచ్చి, 9:1–9 రెండుసార్లు చదివించి, బొమ్మ వెయ్యమన్నాను. ముగ్గురు గుర్రం వేశారు, అలవాటు పోలేదు. ఒకడు దమస్కుకి ఆర్టీసీ బస్సు వేశాడు. ఆ పాప మాత్రం రోడ్డు మధ్యలో ఒక చెప్పు, కాస్త అవతల ఇద్దరు మనుషుల మధ్యన ఒకాయన ఒక కాలికే చెప్పుతో నడుస్తున్నట్టు వేసింది. చెప్పు వాక్యంలో లేదు కదమ్మా అన్నాను. "పడినప్పుడు ఊడిపోయింది అన్నా, కళ్లు కనపడక వెతుక్కోలేదు" అంది.

పెదపాడు_రూతు:
ఆ బొమ్మ ఫొటో తీసి పెట్టు తమ్ముడూ.